గొడుగు మింగిన మేక

పసిపిల్లల టీచర్లను తయారుచేసే ఆ ట్రైనింగు కాలేజీలో, పసిపిల్లల టీచరు కావాలని పుట్టినప్పటి నుంచీ కలలు కన్నవాళ్ళు వెతికినా ఒక్కరు దొరకరు. ఒకామెకు నర్సింగులో సీటు రాలేదు. ఒకామెకు పెళ్ళి కుదిరేదాకా పొద్దుపోవాలి. ఇంకొకామెకు వదినతో పడటం లేదని ఇంట్లోవాళ్ళే ఇక్కడికి సాగనంపారు. అందరూ చక్కగా పాటలు పాడతారు, రంగు కాగితాలు కత్తిరిస్తారు, అట్టముక్కలతో ఏనుగులు చేసి వాటికి దారపు తోకలు అంటిస్తారు. చేతిలో పిల్లల పుస్తకం పెడితే మాత్రం ఎవరింటి బిడ్డో తమ ఒళ్ళో పడినట్టు చూస్తారు. పుస్తకమంటే పిల్లలు చింపేది, చింపినందుకు తమకు చీవాట్లు పడేది. వాళ్ళకు తెలిసినంతలో దాని ఉపయోగం అంతే.

కోతలరాణి కూడా ఆ తాను ముక్కే. ఆ పేరు ఇంట్లోవాళ్ళు పెట్టింది. ఆ పిల్ల అబద్ధాలకోరు అని కాదు, పాపం. జరిగింది జరిగినట్టు చెప్పడం దానికి చేతకాదు, అంతే. వీధి చివరికెళ్ళి పాల ప్యాకెట్టు తెచ్చినా దారిలో ఏదో ఒక వింత జరిగి తీరాలి. కుట్టుపని నేర్చుకుంటానని వెళ్ళి చొక్కా చేతుల దగ్గర మానేసింది. కంప్యూటరు నేర్చుకుంటానని వెళ్ళి, మౌసు చేతికి అలవాటయ్యేలోపలే మానేసింది. ఈ ట్రైనింగు మూడోది. ఇది కూడా మధ్యలో వదిలితే మేనమామ ప్లైవుడ్ కొట్లో ఫోనెత్తే పని నీదేనని తల్లి తేల్చి చెప్పేసింది. మేనమామ మంచివాడే. కానీ ఆ కొట్లో పొద్దస్తమానం రంపం మోత. రంపం ఆగితే ఆయన ఒక్క చెక్కముక్కతో వ్యాపారం మొదలుపెట్టిన వైనం మొదలవుతుంది. ఆ వైనం వింటూ ముసలిదాన్నయిపోవడం కన్నా పసిపిల్లల ముక్కులు తుడవడం నయమనుకుంది కోతలరాణి. అన్ని పరీక్షలూ ఎలాగోలా గట్టెక్కింది. ఇక మిగిలింది పిల్లలకు పుస్తకం చదివి వినిపించే పరీక్ష ఒక్కటే. అది తప్పితే సర్టిఫికెట్టు లేదు, ఉన్నదల్లా ప్లైవుడ్డే.

ఆ పరీక్ష ఇంకో వారం ఉందనగా, భోజనాలయ్యాక కళ్ళు మూతలు పడే వేళ, పెద్ద మేడమ్ క్లాసులోకి వచ్చారు. ఆ కాలేజీకి ఆవిడే దిక్కూ దిశా. ఎవరు ఏ విషయం ఎత్తినా అది తనకు ముందే తెలుసన్నట్టు తలాడించడం ఆవిడ పద్ధతి. ఆ రోజు ఆవిడకు ఏం తోచిందో, ఒక్కొక్కరే లేచి చిన్నప్పుడు తమకు ప్రాణంలా ఉన్న పిల్లల పుస్తకం గురించి చెప్పమన్నారు. క్లాసంతా ఒక్కసారిగా కిటికీలోంచి బయటికి చూసింది.

మొదట లేచింది మొదటి బెంచీ అమ్మాయి. ఆమెను అందరూ మొదటి బెంచీ అనే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది. రెండో తరగతి వాచకంలోని పాఠాన్నే పుస్తకమని నమ్మించి కూర్చుంది. తర్వాత లేచినవాళ్ళు కూడా అదే పాఠానికి పేర్లు మార్చి చెప్పారు. నర్సింగు సీటు రానామె ఏకంగా మందుల కంపెనీ క్యాలెండరు గురించి చెప్పింది. కోతలరాణి వంతు వచ్చేసరికి వాచకంలో పాఠాలు అయిపోయాయి. నేనే పుస్తకం చదవలేదు మేడమ్ అంటే సరిపోయేది. ఆ ముక్క నోటిదాకా వచ్చింది కూడా. కానీ పెదవి దాటేటప్పటికి అది ఇంకోలా మారిపోయింది.

"గొడుగు మింగిన మేక, మేడమ్" అంది.

ఇక నోరు ఆగలేదు. ఆకులు తిని తిని విసుగెత్తిన ఒక మేక గొడుగు మింగేస్తుంది. వాన పడ్డప్పుడల్లా కడుపులో గొడుగు విచ్చుకుని మేక గుండ్రంగా ఉబ్బిపోతుంది. ఎండ కాస్తే మళ్ళీ ముడుచుకుంటుంది. అట్ట పసుపు రంగు, మూల కొంచెం నలిగి ఉంటుంది, రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని మేడమ్ అని, మూల నలగడానికి కారణం కూడా చెప్పింది.

అక్కడితో ఊరుకుంటే కథే లేదు. మొదటి బెంచీకి, తనకు తెలియని పుస్తకం ఒకటి లోకంలో ఉందంటే ఒళ్ళు మంట. "నేనూ చదివాను మేడమ్. గాలి వీస్తే ఆ మేక ఎగిరిపోతుంది కదా, ఆ బొమ్మ చాలా బాగుంటుంది" అంది. దాంతో నర్సింగు సీటు రానామెకు కూడా ఆ పుస్తకం గుర్తొచ్చింది. ఆ గొడుగు పోస్టుమానుది కదా, తనకు పోస్టుమాను బొమ్మే ఇష్టమని చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఒకరు భుజాలు తడుముకోవాలి గానీ, ఇక్కడ క్లాసు క్లాసంతా తడుముకుంది. లేని మేకకు ఇందరు చుట్టాలు బయలుదేరేసరికి కోతలరాణికే అనుమానం వచ్చింది, నిజంగా అలాంటి పుస్తకం ఉందేమోనని.

అప్పుడు పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరి పేజీలో మేక వాళ్ళమ్మను కలుసుకుంటుందనీ, చిన్నప్పుడు ఆ పేజీ దగ్గర తాను ఏడ్చేశాననీ చెప్పారు. ఇంత మంచి పుస్తకం ఈ రోజుల్లో దొరకడం లేదని బాధపడ్డారు. పరీక్ష రోజున కోతలరాణి పిల్లలకు ఆ పుస్తకమే చదవాలని హుకుం జారీ చేశారు. పుస్తకం ఇంట్లో అటక మీద ఉందేమో, చెదలు పట్టిందేమో అని కోతలరాణి నసిగింది. చెదలు తినగా మిగిలింది పట్టుకురమ్మన్నారావిడ.

క్లాసయ్యాక మొదటి బెంచీని వరండాలో పట్టుకుని, ఆ పుస్తకం నిజంగా చదివావా అని అడిగింది కోతలరాణి. మొదటి బెంచీ రెప్ప వెయ్యకుండా, వాళ్ళింట్లో దానివి రెండు కాపీలుండేవని చెప్పింది. అయితే ఒకటివ్వవే తల్లీ అంటే చుట్టాలు పట్టుకెళ్ళారట. కోత కొయ్యడంలో తనకు తిరుగులేదనుకున్న కోతలరాణి ఆ రోజు గర్వం దిగి హాస్టలు గదికి చేరింది.

గదిలో ఆమెతో ఉండే అమ్మాయి పేరు జిగురు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు ఉంటుంది కాబట్టి ఆ పేరు. కాగితంతో, గుడ్డతో, ఖాళీ డబ్బాతో ఆమె చెయ్యలేని వస్తువు లేదు. కోతలరాణి మంచం మీద కూలబడి, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పరిస్థితి, మేడమ్ దగ్గరికెళ్ళి నిజం చెప్పేస్తానంది. జిగురుకు ఆ మాట నచ్చలేదు. నిజం చెబితే నువ్వొక్కదానివే మునగవు, ఆ పుస్తకం చదివి ఏడ్చిన పెద్ద మేడమ్ కూడా మునుగుతారు, ఆవిడ నిన్ను ఊరికే వదులుతారా అని అడిగింది. అది కూడా నిజమే.

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి. అతికించే పని నాకొదిలెయ్" అంది జిగురు.

ఇద్దరూ కూర్చుని పుస్తకం తయారుచేశారు. మందపాటి కాగితాలు కత్తిరించి, మధ్యలో దారంతో కుట్టి, పాతబడ్డట్టు కనబడటానికి టీ డికాక్షనులో ముంచి కిటికీ దగ్గర ఆరేశారు. అట్టకు పసుపు రంగు వేశారు. మూల నలపడం కోతలరాణి స్వయంగా చేసింది. మేక బొమ్మ జిగురు బాగానే వేసింది. కానీ మేక ఎగరాలి, పోస్టుమాను ఉండాలి, చివర్లో తల్లి రావాలి. క్లాసులో ఒక్కొక్కరు ఒక్కో ముక్క తగిలించి పోయారు, వాటినన్నిటినీ ఒకే మేకకు కట్టేసరికి ఇద్దరికీ తాతలు దిగొచ్చారు.

చిక్కంతా రాత దగ్గర వచ్చింది. చేత్తో రాస్తే కోతలరాణి దస్తూరీ పెద్ద మేడమ్ ఇట్టే పట్టేస్తారు. అచ్చు వేయించడానికి వ్యవధి లేదు. జిగురు కాసేపు ఆలోచించి, అసలు అక్షరాలెందుకని అడిగింది. వినేది నాలుగేళ్ళ పిల్లలు, వాళ్ళకేం చదవొచ్చు? ఎగ్జామినరు కూర్చునేది పిల్లల వెనకాల, దూరంగా. దూరం నుంచి అచ్చులా కనబడితే చాలు. అలా ప్రతి బొమ్మ కిందా సన్నటి నల్లగీతలు వంకరటింకరగా గీసి పెట్టింది. చూస్తే చీమల బారులా ఉంది. పిల్లల టీచర్లు కాబోతున్న ఇద్దరు మనుషులు పిల్లల కోసం అక్షరం లేని పుస్తకం తయారుచేసి, పని బాగా కుదిరిందని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు. చదువు మీద వాళ్ళకున్న నమ్మకం ఆ పాటిది.

పరీక్ష కాలేజీని ఆనుకుని ఉన్న శిశుపాఠశాలలో. గదిలో నేలంతా చాపలు. గోడకు వరసగా కొక్కేలు, వాటికి చిన్న చిన్న సంచులు. ఒక మూల గాజుతలుపుల బీరువా, దాన్నిండా పిల్లల పుస్తకాలు. అవి ఎవరో ఎప్పుడో విరాళంగా ఇచ్చినవి. పిల్లలు చింపుతారన్న భయంతో ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. గాజుకు అవతల పుస్తకాల అట్టలు, గాజు మీద పిల్లల ముక్కుల ముద్రలు. కోతలరాణి అన్నాళ్ళుగా ఆ గదిలో పాటలు పాడిస్తూనే ఉంది గానీ ఆ ముక్కుల ముద్రలు తుడిపించడం తప్ప వాటి గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

ఎగ్జామినరు బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. పెద్ద కుర్చీ వేస్తామన్నా వద్దని, పిల్లల బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చున్నారు. పెద్ద మేడమ్ ఆవిడ పక్కనే నిలబడి, ఈ రోజు ఒక అరుదైన పుస్తకం వినబోతున్నారనీ, చిన్నతనంలో తాను చదివిందనీ చెప్పి ఉంచారు. పరీక్షకు వచ్చిన అమ్మాయిలంతా గోడవారన నిలబడ్డారు.

ముందుగా మొదటి బెంచీ, పళ్ళు తోముకోవడం గురించిన పుస్తకం చదివింది. పుస్తకాన్ని గుండెల దగ్గర అటెన్షన్లో పట్టుకుని, మెడ పక్కకి వంచి, నేర్పినది నేర్పినట్టు చదివింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చాప మీద వాలిపోయారు. చివర్లో ఈ కథలో నీతి ఏమిటని అడిగితే, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే, "అబద్ధం చెప్పకూడదు" అని ముక్తకంఠంతో అన్నారు. ఆ బళ్ళో ఏ కథకైనా అదే జవాబు. ఒకసారి అది చెబితే మెచ్చుకున్నారు, అప్పటి నుంచి పిల్లలు దాన్ని వదల్లేదు. కోతలరాణికి మాత్రం ఆ మాట తననే అన్నట్టు వినబడి, చేతిలో పుస్తకం చెమటకు తడిసింది.

ఆమె వంతు వచ్చింది. మేకపోతు గాంభీర్యంతో వెళ్ళి పుస్తకం తెరిచి పట్టుకుంది. మొదటి పేజీ అయ్యేసరికి వాలినవాళ్ళు లేచారు. పోస్టుమాను గొడుగు గోడకానించి ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గొడుగు లేదు. నా గొడుగు చూశావా అని మేకనడిగితే, "నాకేం తెలుసు, నేను ఎండలో ఉన్నాను" అంది మేక. పిల్లలు పడీ పడీ నవ్వారు. వాన పడింది, మేక ఉబ్బింది, గాలి వీచింది, మేక ఎగిరింది. చివర్లో తల్లి మేక గడ్డంతో ముక్కు కింద గిలిగింత పెడితే మేక తుమ్మింది, గొడుగు బయటపడింది. కోతలరాణి పుస్తకం మూసి ఊపిరి పీల్చుకుంది. గోడవార జిగురు ముఖం వెలిగిపోతోంది.

సరిగ్గా అప్పుడు బుంగమూతి నోరు విప్పింది. బుంగమూతి అంటే చాప చివర ఎప్పుడూ కింది పెదవి ముందుకు పెట్టి కూర్చునే పిల్ల. పాటకు చప్పట్లు కొట్టదు, ఆటకు లేవదు, ఏ ట్రైనింగు టీచరుకూ ఇంతవరకు మాట దక్కనివ్వలేదు.

"మళ్ళీ చదువు" అంది.

మిగతా పిల్లలు మళ్ళీ మళ్ళీ అని అందుకున్నారు. ఎగ్జామినరు కూడా తల ఊపారు. ఏ ట్రైనింగులోనూ చెప్పని విషయం ఒకటుంది. నాలుగేళ్ళ పిల్లలు కథ ఒక్కసారి వింటే చాలు, కోర్టు గుమాస్తాలా మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంటారు. కోతలరాణికి ఒకసారి చెప్పింది రెండోసారి అలాగే చెప్పడం పుట్టిన దగ్గర్నుంచీ రాదు. ఈసారి మేక పోస్టుమానుతో ఏమీ అనకుండా తల తిప్పుకుంది. అంతే, గది గగ్గోలెత్తిపోయింది. అలా కాదు, నేను ఎండలో ఉన్నాను అనాలి అని ఒకడు లేచి నిలబడ్డాడు. నువ్వు తప్పు చదువుతున్నావని ఇంకొకడు అన్నాడు. కోతలరాణి దిద్దుకోబోయి గాలి కన్నా ముందే మేకను ఎగరేసింది. బుంగమూతి విసవిసా వచ్చి పుస్తకం లాక్కుని, చాప మీద పరిచి, వేలు పెట్టి చీమల బారు వెంట వెతకడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఇంకా చదవడం రాదు. తన పేరులో మొదటి అక్షరం ఒక్కటే వచ్చు. గోడ మీద, బస్సు మీద, సబ్బు పెట్టె మీద, ఎక్కడ అక్షరాలు కనబడినా దానికోసమే వెతుకుతుంది. ఈ పేజీ, ఆ పేజీ, చివరి పేజీ అన్నీ వెతికి తలెత్తింది.

"ఇందులో నా అక్షరం లేదు. ఎవరి అక్షరమూ లేదు" అంది.

ఎగ్జామినరు లేచి వచ్చి పుస్తకం అందుకున్నారు. పేజీలు తిరగేశారు, వాసన చూశారు. మీరు చిన్నప్పుడు చదివింది ఇదేనా అని పెద్ద మేడమ్‌ను అడిగారు. తేలు కుట్టిన దొంగలా పెద్ద మేడమ్ ఒక్క క్షణం బిగుసుకుపోయారు. మరుక్షణం సర్దుకుని, ఇదేననీ, ఇది అక్షరాల్లేని బొమ్మల పుస్తకమనీ, ఆ కాలంలో ఇలాగే వేసేవారనీ చెప్పారు.

అలా కోతలరాణికి ఒడ్డు దొరికింది. ఊరుకుంటే చాలు. అవునని తలాడిస్తే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుతో పాటు రంపం మోత లేని జీవితం. కానీ బుంగమూతి తన ముఖంలోకే చూస్తోంది. ఆ పిల్ల కోపం పుస్తకం మీద కాదు, తన మీద. నోరు తెరిచిన మొదటిరోజే ఆ పిల్లను మోసం చేశానని కోతలరాణికి తెలిసింది. తెలిసి సిగ్గేసింది. కోతలు కోసి ఆమె ఎప్పుడూ సిగ్గుపడి ఎరగదు.

"ఇలాంటి పుస్తకం లేదు మేడమ్. నేనే కల్పించాను" అంది.

గోడవార మొదటి బెంచీ నోట్లోంచి, మా ఇంట్లో రెండు కాపీలు, అన్న మాట సగం బయటికొచ్చి ఆగిపోయింది. పెద్ద మేడమ్ ఫ్యాను వైపు చూస్తున్నారు. ఎగ్జామినరు ఎవర్నీ తిట్టలేదు. కథ బాగుందన్నారు. అయితే ఇది కథ చెప్పే పరీక్ష కాదనీ, పుస్తకం చదివే పరీక్ష అనీ, చదివిన దానికి ఇప్పటివరకు సున్నా అనీ చెప్పారు. గంట కొట్టడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. ఆ బీరువాలోంచి అక్షరాలున్న పుస్తకం ఒకటి తీసి చదవాలి, గంట కొట్టేలోపల ముగించాలి. గంట దాటి ఎవరు చదివినా తన దగ్గర మార్కులుండవన్నారు.

పెద్ద మేడమ్ హ్యాండుబ్యాగులోంచి తాళంచెవి తీసి, కోతలరాణి చేతిలో పెట్టారు. చూపు మాత్రం కలపలేదు. బీరువా తలుపు కిర్రుమంది. పిల్లలందరూ ఒక్క ఉదుటున మీదపడ్డారు. గాజు అవతలి నుంచి రోజూ చూసిన అట్టల మీద వాళ్ళలో వాళ్ళకు పెద్ద తగాదాలే ఉన్నాయని ఆమెకప్పుడు తెలిసింది. ఒక అట్ట మీద గుండ్రటి ఆకుపచ్చ బొమ్మ ఉంది. అది రాయి అని ఒక పక్షం, హెల్మెట్టు అని ఇంకో పక్షం. బుంగమూతి దాన్నే చూపించింది. ఏదైతేనేమని కోతలరాణి దాన్నే లాగింది. కొత్త పుస్తకం, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. తెరిస్తే అది తాబేలు. రెండు పక్షాలూ ఓడిపోయాయి.

ముందుగా చదివి చూసుకోలేదు కాబట్టి, పిల్లల వైపు తిప్పి పట్టుకుంటే ఆమెకు అక్షరాలు కనబడవు. నేర్పిన పద్ధతి గాలికొదిలేసి చాప మీద చతికిలబడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. చుట్టూ తలలు మూగాయి. ఎవరిదో గడ్డం ఆమె భుజం మీద, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో. మొదటి వాక్యం తడబడుతూ చదివింది. తాబేలుకు రోడ్డు అవతల ఉన్న గడ్డి ఎక్కువ పచ్చగా కనబడింది. బయలుదేరింది. కోడి దాన్ని దాటిపోయింది, కుక్క దాటిపోయింది, నత్త కూడా దాటిపోయింది. నత్త దగ్గర కోతలరాణికి నవ్వొచ్చింది. పేజీ తిప్పితే రోడ్డు, రోడ్డు చివర చిన్న చుక్క. ఇంకో పేజీ తిప్పితే చుక్క పెద్దదయింది. అది లారీ.

"ఇప్పుడేమవుతుంది?" అని బుంగమూతి అడిగింది.

"నాకూ తెలీదు" అంది కోతలరాణి. ఆ మాట ఆమె నోట కల్తీ లేకుండా వచ్చింది. ఏదో ఒకటి కల్పించి చెప్పాలని కూడా తోచలేదు. లోపల ఏం రాసి ఉందో తెలుసుకోవాలని ఆత్రంగా ఉంది. ఇరవై ఏళ్ళొచ్చాయి, పిల్లల పుస్తకం ఒకటి ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు ఆమెకు. చెప్పినా వినేది కాదనుకోండి.

అప్పుడు గంట కొట్టారు.

ఎగ్జామినరు పెన్ను మూసి, చాలమ్మా అన్నారు. గోడవార జిగురు రెండు చేతులూ ఊపి ఆపమని సైగ చేస్తోంది. ఇంతవరకు చదివిందానికి ఎన్నో కొన్ని మార్కులు రాకపోవు, ఆపితే గట్టెక్కినట్టే. కోతలరాణికి మేనమామ గుర్తొచ్చాడు, రంపం గుర్తొచ్చింది, ఒక్క చెక్కముక్క గుర్తొచ్చింది. పుస్తకం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"తాబేలు నడిరోడ్డు మీద ఉంది మేడమ్. దాన్నక్కడ వదిలేసి ఎలా లేస్తాం?" అంది.

జవాబు కోసం ఆగకుండా చదివింది. లారీని చూసి తాబేలు తలా కాళ్ళూ లోపలికి లాక్కుంది. పేజీ తిప్పింది. పేజీ నిండా నలుపు. బొమ్మ లేదు, మాట లేదు. ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఇంకో పేజీ తిప్పింది. లారీ దూరంగా వెళ్ళిపోతోంది. రోడ్డు మధ్యలో తాబేలు మెల్లగా తల బయటపెట్టి, ఈ రోజు రాత్రి ఎంత తొందరగా తెల్లారిందో అనుకుని, గడ్డి వైపు నడిచింది.

పిల్లలు కేకలు పెట్టారు, దొర్లారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. కోతలరాణి నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు. ఆమె వెనకాల ఎవరో గట్టిగా నిట్టూర్చారు. చూస్తే పెద్ద మేడమ్. ఎప్పుడు వచ్చారో, పిల్లల తలల మీదుగా మెడ సాచి చివరి పేజీ చూస్తున్నారు.

గది సద్దుమణిగాక ఎగ్జామినరు పిలిచి, గంట విని కూడా చదివావా అని అడిగారు. వినే చదివానంది. తాబేలు బతుకుతుందని ముందే తెలుసా అని అడిగారు.

"తెలీదు మేడమ్. తెలిస్తే గంట దగ్గరే ఆపేసేదాన్ని."

ఎగ్జామినరు మూసిన పెన్ను మళ్ళీ తెరిచారు. గంట దాటిన చదువుకు మార్కులుండవన్న మాట మాటేనన్నారు. దాటకముందు చదివినదానికి మాత్రం పాసుకు సరిపడా వేస్తున్నాననీ, అంతకన్నా ఒక్క మార్కు ఎక్కువ ఇవ్వననీ చెప్పారు. కుర్చీలోంచి లేవడానికి ఆవిడకు ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. కోతలరాణి మాత్రం గాల్లో తేలిపోయింది. ఇంటికి ఫోను చేసి, ఈసారి నిజంగానే పాసయ్యానని చెబితే అమ్మ నమ్ముతుందో లేదోనని దిగులు కూడా పడింది.

ఎగ్జామినరును సాగనంపి పెద్ద మేడమ్ తిరిగొచ్చేసరికి గది చూడాలి. బీరువాలో పుస్తకాలన్నీ నేల మీద ఉన్నాయి. ఒకడు బోర్లా పడుకుని బొమ్మలు చూస్తున్నాడు. ఇద్దరు ఒకే పుస్తకాన్ని చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు, ఒక పేజీ అప్పటికే చిరిగింది, జిగురు దాన్ని అంటిస్తోంది. బుంగమూతి ఒక అట్ట మీద తన అక్షరం దొరకబుచ్చుకుని, దాన్ని వేలితో దిద్దుతూ కూర్చుంది. పెద్ద మేడమ్ అదంతా చూసి, పుస్తకాలు లోపల పెట్టి, తాళం వేసి తాళంచెవి ఇలా ఇమ్మని చెయ్యి చాపారు.

తాళంచెవి కోతలరాణి పిడికిట్లోనే ఉంది. ఆమె ముఖం మాత్రం కడిగిన పలకలా ఉంది.

"ఇందాకే మీకు ఇచ్చేశాను కదా మేడమ్" అంది.

పెద్ద మేడమ్ ఆమెను చూశారు, పిల్లల్ని చూశారు. తర్వాత హ్యాండుబ్యాగు మీద చేత్తో తట్టి, "అవునవును, ఇచ్చావు. ఇందులోనే వేసుకున్నాను" అన్నారు.